గొట్టంలో మాటలు

మా కంపెనీ పని నీళ్ళను వినడం. వీధి కింద గొట్టం చిట్లితే సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తుంది. మనిషి చెవికి అది అందదు. సబ్బుబిళ్ళంత పెట్టెను ఇంటి కుళాయి గొట్టానికి బిగిస్తే ఆ చప్పుడు విని మా కంప్యూటరుకు పంపుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇది లీకు, ఇది మోటారు, ఇది పైన పోతున్న లారీ అని గుర్తులు పెట్టడం నా పని. ఊరి బడిలో చదువు అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో కూర్చుంటే, మా పెద్దమ్మ కూతురు నన్ను ఈ పనికి తెచ్చుకుంది. "మాట్లాడటం నీకు ఎలాగూ రాదు, వినడమైనా చెయ్యి" అంది అక్క.

కంపెనీ అక్కది, బావది. బట్టల కొట్టు పైన రెండు గదులు. ముందు గదిలో అక్క, నేను, గోడ మీద పెద్ద తెర. ఆ తెర మీద మ్యాపు, మ్యాపు నిండా పచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో పెట్టె. వెనక గదిలో బావ, టంకం పొగ, మూతలు లేని డబ్బాలు. ఇంటింటికీ తిరిగి పెట్టెలు బిగించేది ఫిట్టరు బాబాయ్. ఆయన చుట్టమేమీ కాదు, వయసును బట్టి అందరం బాబాయ్ అనేవాళ్ళం.

గొట్టం నీళ్ళను మాత్రమే మోయదు. వంటింట్లో ఎవరు మాట్లాడినా ఆ గొంతు ఇనుములోంచి జారి పెట్టెలో పడుతుంది. ఇది తెలిసిన రోజు బావ కంపెనీ మూసేద్దామన్నాడట. అక్క మూయలేదు. నెలల తరబడి కూర్చుని ఒక ప్రోగ్రాం రాసింది. పెట్టెలోంచి చప్పుడు బయటికి రాకముందే అది మనిషి గొంతును ఏరి పారేస్తుంది. మేము దాన్ని జల్లెడ అనేవాళ్ళం. అక్క చేసిన పనులన్నిటిలో ఆమెకు గర్వంగా ఉండేది అదొక్కటే. ఆ ధైర్యంతోనే బాబాయ్ ప్రతి గుమ్మంలోనూ చెప్పేవాడు: "మీ మాటలు దీనికి వినపడవమ్మా. మీ అత్తగారిని ఎంత తిట్టుకున్నా ఫరవాలేదు." వాళ్ళు నవ్వి లోపలికి రానిచ్చేవాళ్ళు.

అలా ఉండగా చిన్న టెక్నాలజీ కంపెనీల కోసం ప్రభుత్వం కొత్త పాలసీ తెచ్చింది. రిజిస్టరు అయిన కంపెనీ పెట్టెలను నగరమంతా పెట్టుకోవచ్చు. కానివాళ్ళు ఉన్నవి కూడా విప్పుకుపోవాలి. బావ ఫోన్లో ఆ వార్త చదువుతూ కుర్చీ ఎక్కేశాడు.

"దిగు, విరుగుతుంది" అంది అక్క.

"విరగనీ. ఇక మనకు కొత్త కుర్చీలే!"

రిజిస్టరు కావాలంటే పెట్టెలను నడిపే ప్రోగ్రాం నకలు, జల్లెడతో సహా, ప్రభుత్వానికివ్వాలి, బిగించిన పెట్టెలు ప్రజల ఆస్తి కింద లెక్క అన్నారు. అక్క కాస్త ఆగింది. "అందరూ ఇస్తున్నారు, మనకెందుకు భయం? మనమేమైనా దొంగలమా?" అన్నాడు బావ. ఇచ్చేశారు.

కొన్నాళ్ళకు పాలసీ ఆఫీసరు చూడటానికి వచ్చాడు. మెత్తటి మనిషి. చెప్పులు బయటే విడిచి, గదంతా కలయజూసి, నా కుర్చీ దగ్గర ఆగి, "రోజంతా వింటే చెవులు నొప్పెట్టవా తల్లీ?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"మౌనిగారు నోరు విప్పరు సార్, చెవులతోనే పని" అన్నాడు బావ. ఆఫీసరు నవ్వాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"అంతా బాగుంది. ఒక్కటే సందేహం. జనం మాటలు కూడా ఇందులో పడతాయేమోనని మాలో కొందరు భయపడుతున్నారు."

అక్క మొహం వెలిగింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న అది.

"ఒక్క నిమిషం సార్, చెప్పడం కాదు, చూపిస్తాను. ముందు జల్లెడ తీసి వినిపిస్తాను. తర్వాత పెట్టి వినిపిస్తాను. తేడా మీకే తెలుస్తుంది. కాకపోతే ఎవరిదైనా ఇల్లు కావాలి..."

"మా ఇంట్లో పెట్టెను వినిపించు అమ్మాయ్" అన్నాడు బాబాయ్. "మా ఇంట్లో రహస్యాలేం లేవు. ఉన్నవన్నీ అరుపులే."

అందరూ నవ్వారు. బాబాయ్ ఇంటి చుక్కను నేను నొక్కాను. అక్క జల్లెడ తీసింది. స్పీకరులో ముందు గిన్నెల చప్పుడు, దాని వెంట బాబాయ్ కూతురి గొంతు. పక్క గదిలో ఉన్నంత దగ్గరగా.

"ఆపరేషన్ తప్పదన్నారు కదా. నాన్నకి చెప్పవా?"

"ఇప్పుడే వద్దు" అంది ఆమె తల్లి. "ఆ మనిషి తట్టుకోలేడు. కాస్త నన్ను..."

అక్క గబుక్కున జల్లెడ పెట్టింది. గొంతులు తెగిపోయి నీళ్ళు పారే సవ్వడి ఒక్కటే మిగిలింది. బాబాయ్ మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. "నేను... వెళ్ళొస్తానమ్మాయ్" అని సంచీ కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

ఆఫీసరు ఆయన వెళ్ళిన వైపు చూడలేదు. స్పీకరు వైపు చూస్తున్నాడు.

"ఇంకోసారి వినిపిస్తారా?" అన్నాడు.

అక్క జల్లెడ పెట్టిన చప్పుడునే పెంచింది.

"ఇది కాదమ్మా" అన్నాడాయన, అంతే మెత్తగా. "మొదటిది."

ఆ తర్వాత వారం బాబాయ్ పనికి రాలేదు. వచ్చిన రోజు నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. భార్యకు విన్నానని చెప్పాడట. ఎలా విన్నావని ఆమె అడిగింది. ఈ పెట్టెకు మన మాటలు వినపడవని తనకూ ఆయనే చెప్పాడు మరి.

"ఆపరేషన్ చేయిస్తాం. దాని గురించి కాదు" అన్నాడు. "ఇప్పుడు మా ఇంట్లో రేడియో ఒక్కటే మాట్లాడుతోందమ్మా. ఆవిడ ఏమన్నా చెప్పాలంటే నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్తోంది. మా ఇంటి పెట్టె విప్పబోయాను. ప్రజల ఆస్తి, ముట్టుకుంటే కేసని మీ బావగారే ఆపారు."

ఆఫీసరు రెండోసారి వచ్చినప్పుడు పళ్ళు తెచ్చాడు. పాలసీకి చిన్న సవరణ వచ్చిందన్నాడు. ఇకనుంచి పెట్టెలో పడిన చప్పుడును ఉన్నదున్నట్టు పంపాలి. మధ్యలో ఏదీ తీసెయ్యకూడదు.

"అంటే జల్లెడ వద్దంటారా?" అంది అక్క.

"అయ్యో, అంత మంచి జల్లెడను ఎవరు వద్దంటారు? అది మా దగ్గరుంటుంది. జల్లించాల్సింది మేం జల్లించుకుంటాం."

"మాటలతో మీకేం పని సార్?"

"మాకేం పనమ్మా? అన్ని మాటలూ ఎవరికి కావాలి? కొన్ని చాలు." నా వైపు చూశాడు. "ఈ అమ్మాయిలాంటి చెవులు దొరకడం కష్టం. మీరే చేస్తే మాకు నిశ్చింత. ఆలోచించుకోండి. మీరు కాదన్నా పెట్టెలు గొట్టాల మీదే ఉంటాయి, ఇంకెవరో ఒకరు చూసుకుంటారు. మీ అంత శ్రద్ధ వాళ్ళకుంటుందో లేదో."

ఆయన మెట్లు దిగే చప్పుడు పూర్తిగా ఆగింది. ఆ తర్వాత కూడా బావ గొంతు తగ్గించే మాట్లాడాడు.

"మనం తప్పుకుంటే ఎవడో పనికిమాలినవాడు వస్తాడు. మనమే ఉంటే కనీసం..."

"కనీసం? ఏం చేస్తాం? చెప్పు. మర్యాదగా వింటామా?"

"అలా ఎత్తిపొడవకు. రేపు ఈ గదుల తాళం ఎవరి చేతిలో ఉంటుందో కూడా తెలియదు. ఇంతమంది కడుపులు..."

"వినాల్సింది నువ్వూ నేనూ కాదు. ఇదిగో, ఇది." అక్క నా కుర్చీని తన వైపు తిప్పింది. "దీన్ని అడుగు."

బావ అడగలేదు. నా మొహం చూసి తల దించుకున్నాడు. నేను ఎన్నో రకాల చప్పుళ్ళకు గుర్తులు పెట్టాను. ఏడుపుకు ఏ గుర్తు పెట్టాలి, తగాదాకు ఏది, ప్రభుత్వాన్ని తిట్టుకునే ముసలాయనకు ఏది?

"నేను వినను బావా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. బావ కిటికీ దాకా వెళ్ళి కింద వీధిలోకి చూశాడు. తర్వాత వచ్చి అక్క పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"పెట్టెలను చెవిటివి చేసెయ్" అన్నాడు. "అన్నిటినీ. నా పాస్‌వర్డ్ కూడా కావాలిగా, పక్కకి జరుగు."

పెట్టెలను ముట్టుకోనక్కర్లేదు. ఇక్కడినుంచి ఒక ఆజ్ఞ పంపితే అవి వినడం మానేస్తాయి. లీకులూ వినపడవు. మేము కట్టుకున్నదంతా మా చేత్తోనే చంపుకోవడం అది. అక్క ఒక్క క్షణం బావ భుజం మీద తల ఆనించి, మీట నొక్కింది. మిట్టమధ్యాహ్నం. కింద కొట్టులో ఎవరో చీర బేరమాడుతున్నారు. తెర మీద పచ్చ చుక్కలు ఒక్కొక్కటే బూడిద రంగులోకి తిరగసాగాయి. పాత పేట, మార్కెట్ వెనక సందులు, కాలవ పక్క ఇళ్ళు. మ్యాపంతా ఆరిపోయాక బావ "పీడా పోయింది" అన్నాడు. కానీ ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అప్పుడే కాలవ పక్కన ఒక చుక్క పచ్చబడింది.

"ఒకటి మిగిలిపోయినట్టుంది" అంటూ అక్క మళ్ళీ ఆజ్ఞ పంపింది. చుక్క ఆరలేదు. దాని పక్కది వెలిగింది. ఆ పక్కది. చూస్తుండగానే సందు వెంట సందు పచ్చగా పాకి వచ్చింది. అక్క వేళ్ళు మీటల మీద పరుగెత్తాయి. తెర మీద ఒకటే జవాబు, మీకు అనుమతి లేదు అని.

"మనం ఇచ్చిన నకలు" అన్నాడు బావ మెల్లగా. "వాళ్ళే నడుపుతున్నారు."

నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. మాకు పంపే దారి ఇంకా మూసెయ్యలేదు. నీళ్ళ చప్పుడు కోసం వెతికాను. ఎవరో ఒకామె ఫోన్ స్పీకర్లో పెట్టి తమ్ముడితో మాట్లాడుతోంది, వాడు ఎవరింట్లో దాక్కున్నాడో చెప్పమని బతిమాలుతోంది. వాడు చెప్పబోతున్నాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాను.

అక్క లేచి చెప్పులేసుకుంది. "కనీసం ఆ ఇళ్ళవాళ్ళకి తెలియాలి" అంది.

"వీధిలో పడి చెబుతావా? కేసు పెడతారు" అన్నాడు బావ.

"పెట్టనీ."

వెనక గదిలోంచి వచ్చిన బాబాయ్ అప్పటికే మెట్ల దగ్గర ఉన్నాడు. "నేను వస్తానమ్మాయ్. ప్రతి గుమ్మంలోనూ అబద్ధం చెప్పినవాణ్ణి నేనే కదా" అన్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

మొదటి ఇల్లు వీధి మొగలోనే. తలుపు తీసినావిడ బాబాయ్‌ని గుర్తుపట్టి, "రండి రండి, నీళ్ళు బాగానే వస్తున్నాయి" అంది. లోపలికి ఒక అడుగు వేసిన అక్క, వంటింటి గోడ వెంట వచ్చే గొట్టాన్ని చూసి ఆగిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, రోడ్డు మధ్యకు తీసుకొచ్చింది.

"ఏంటమ్మా, నడిరోడ్డు మీద రహస్యమా?" అని నవ్విందావిడ.

అక్క చెప్పింది. వాక్యం వాక్యానికీ ఆవిడ నవ్వు తగ్గిపోతూ వచ్చింది. "అయితే విప్పెయ్యండి" అంది.

బాబాయ్ చేతులు ముందుకు చాచి చూపించాడు, ఉత్త చేతులు. "విప్పితే మీ మీదే కేసు తల్లీ."

సైకిలు మీద పోతున్నాయన మమ్మల్ని తప్పించుకుని వెళ్ళి, కొంచెం దూరం పోయాక వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ తన ఇంటి తలుపు వైపు చూసింది. లోపల ఆవిడ భర్త ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. మాటలు అర్థం కాలేదు గానీ ఎవరిమీదో కోపంగా ఉన్నాడని తెలుస్తోంది. ఆవిడ రెండడుగులు ముందుకేసి, పిలవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బయటికి రమ్మని చేత్తో సైగ చేసింది. ఆయన ఫోను చెవిదగ్గరే ఉంచుకుని కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏంటీ?" అని అరిచాడు. "ఏమంటున్నావ్? గట్టిగా చెప్పు!"