ప్లగ్గుకు కట్టిన పీలిక

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది, దూరంగా కూర్చుంటే సగం మాట మీకు అందదు. మీకు హెబ్రోను సంగతి చెప్తాను. పెద్ద మనిషేమీ కాదు. అల్లూరుకు తూర్పున రొయ్యల గుంటల మీద కాపలా మనిషి, అంతే. ఆయన పోయాక కూడా ఊరు ఎప్పటిలాగే తెల్లవారింది. అలాంటి మనిషి గురించి చెప్పడానికేముంటుందని అనుకోకండి.

నేను చెప్పబోయే ఆ పొద్దు కూడా హెబ్రోను గట్టు మీదే ఉన్నాడు. లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి, మేత బకెట్టు ఎడమ మోచేతికి తగిలించుకొని, కుడిచేత్తో గుంటలోకి విసురుతున్నాడు. గుప్పిట తెరుచుకునే తీరు చూస్తే ఆ చెయ్యి పూర్వం వడ్లు చల్లిన చెయ్యి అని తెలిసిపోతుంది. నిజంగా ఆ చోటే చల్లాడు. రొయ్యలు రాకముందు అది పద్మనాభయ్య గారి వరిమడి. పడుచువాడిగా ఉన్నప్పుడు అందులో నారు మోశాడు, కుప్ప నూర్చాడు. పైరు దక్కని ఏళ్లలో ఇసకపల్లి ఉప్పుమడుల్లోకి పోయి అరికాళ్లు పుండ్లు చేసుకొని వచ్చాడు. పిమ్మట ఆ మడినే తవ్వి గుంట చేస్తుంటే, తవ్విన కూలీల్లోనూ ఆయనే ఉన్నాడు. భార్య రెబెక్కమ్మ పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. పాలెంలో ఇల్లుంది గానీ ఆయన కాపురమంతా గుంట గట్టున ఉన్న రేకుల షెడ్డులోనే. ఒక నులక మంచం, ఎర్ర తువ్వాలు, అట్ట ఊడిన బైబిలు. ఆదివారం గుడికి పోయినా చెవి మాత్రం గుంటల వైపే ఉండేది. నీళ్లలో చక్రాలు తిరిగే చప్పుడు ఆగిందంటే రొయ్యలకు ఊపిరి ఆగినట్టే కదా.

వినీల స్కూటరు చప్పుడు వినిపించింది. పద్మనాభయ్య గారి మనవరాలు. చదువైపోయాక, ఒకప్పుడు తాత మడిగా ఉన్న ఆ గుంటల్లోనే నీళ్ల పరీక్షలు చేసే పనికి కుదిరింది. ఆ పిల్ల రోజూ రెండు అన్నం డబ్బాలు తెచ్చేది, ఒకటి తనకు, ఒకటి హెబ్రోనుకు. ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నా "మా తాత ఉండాడులే గుంట కాడ" అనేది. 'మా తాత' అనే ఆ రెండు ముక్కలు చెవిన పడినప్పుడల్లా హెబ్రోను చేస్తున్న పని ఒక్క క్షణం ఆగేది. ఆయన్ను మా అని చెప్పుకునేవాళ్లు ఆ భూమ్మీద ఇంకెవరూ లేరు మరి.

ఆ రోజు ఆమెకు పరీక్ష ఉంది. తడ దగ్గర కంపెనీలో ల్యాబు ఉద్యోగానికి, ఉన్నచోటే కూర్చొని రాసే పరీక్ష. మధ్యాహ్నం మూడింటికి. కెమెరా ఉన్న సొంత కంప్యూటరులోనే రాయాలట, ఫోనులో కుదరదట. కాలేజీ రోజుల నాటి లాప్‌టాప్ తెచ్చి షెడ్డులో బల్లమీద పెట్టింది. దాని బ్యాటరీ మోసకారిది. నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది, వైరు తీసిన మరుక్షణం ఆరిపోతుంది. అందులో ఏదో అప్‌డేట్ అడుగుతోందని, ముందే చేసేస్తే మధ్యాహ్నం అడ్డం రాదని నొక్కింది. తెర మీద తెల్లటి గీత ఒకటి మెల్లగా సాగడం మొదలుపెట్టింది.

"తాతా, నేను నీళ్లు పట్టకోని వస్తా. దీన్ని ఎవుర్నీ ముట్టుకోనియ్యబాక" అని సీసాలు తీసుకొని గట్టు దిగింది.

హెబ్రోను మేత బకెట్టు బోర్లించి, దాని మీదే కూర్చున్నాడు, పసిబిడ్డ నిద్రకు కాపలా ఉన్నట్టు. ఆ గీత సాగుతుంటే తడ గుర్తొచ్చింది. తడ ఎంత దూరమో లెక్కేసుకున్నాడు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం కాదు. ఈ పిల్ల పోతే రెండో డబ్బా తెచ్చేది ఎవరు? ఈ పరీక్ష జరక్కపోతే బాగుండునని ఒక్క మాట, ఒక్కటే, లోపల మెదిలింది. నాలిక కరుచుకొని దాన్ని అవతలికి తోసేశాడు.

అప్పుడే కరెంటు పోయింది. చక్రాల చప్పుడు ఆగింది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. గుంటల మీద పనిచేసేవాళ్లకు కరెంటు పోయిందంటే ఒక వరస ఉంది. ముందు బోర్డుకున్న ప్లగ్గులన్నీ పీకేస్తారు, ఆ తర్వాతే జెనరేటరు తిప్పుతారు. జెనరేటరు మొదటి ఊపుకు ఫ్యానులు, రేడియోలు కాలిపోతాయి. కాపలా పనిలో చేరిన కొత్తలో హెబ్రోను పీకడం మరిచి ఒకసారి టీవీ కాల్చేస్తే, అప్పటి యజమాని అందరి ముందూ చెంప పగలగొట్టాడు. ఆ రోజు నుంచి ఆయన తల మరిచినా చెయ్యి మరవలేదు. ఇప్పటి యజమాని చంద్రమౌళి కిందటి వానల్లో షెడ్డుకు ఇన్వర్టరు పెట్టించాడు, కరెంటు పోయినా షెడ్డులో దీపాలు, బల్ల మీది సామాను ఆగవు. ఆ మాట హెబ్రోను తలకు తెలుసు. చేతికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

లేచాడు. వరసగా పీకాడు. ఫోను వైరు, ఫ్యాను, ఆఖరున లాప్‌టాప్‌ది. పరుగున పోయి జెనరేటరు తిప్పాడు, చక్రాలు కదిలాయి, తిరిగొచ్చి ప్లగ్గులన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు. అప్పుడు చూశాడు బల్ల వైపు. తెర నల్లగా ఉంది.

కరెంటు పోయాక కూడా ఆ తెర వెలుగుతూనే ఉండింది. ఆ వెలుగు ఆయన కంట పడింది. చూస్తూనే పీకాడు.

వినీల వచ్చింది. బటను నొక్కింది. లోపల ఫ్యాను గుర్రుమంది, చిన్న దీపం వెలిగింది, తెర మాత్రం నలుపే. వైరు తీసి, బటను చాలాసేపు అదిమిపట్టి, మళ్లీ పెట్టింది. నలుపే. బోర్లించి మరలు విప్పి బ్యాటరీ ఊడదీసి మళ్లీ తగిలించింది. నలుపే. అల్లూరులో రిపేరు అంగడి పెట్టుకున్న ఫ్రెడ్డీకి ఫోను చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. ఆ పిల్లాడు అన్నీ అడిగాడు, ఈమె అన్నీ చెప్పింది.

"మధ్యలో కరెంటు తెగిందా అక్కా?"

"కరెంటు పోయింది గానీ ఇన్వర్టరు ఉండాది గదా. మా తాత దాని కాడే కూచోనుండాడు, ఎవురూ ముట్టుకోలా." తల తిప్పి హెబ్రోను వైపు చూసింది. "వైరు కదల్లేదు గదా తాతా?"

హెబ్రోను తల అడ్డంగా ఊగింది. నోరు తెరవలేదు. నోటితో చెప్పని అబద్ధం అబద్ధం కాదేమోనని ఆ క్షణాన అనుకున్నాడు, మరుక్షణమే కాదని తెలిసింది.

"అట్టయితే దాని లోపలి బోర్డే పోయుంటాది. తీసుకరా, ఇప్పి చూద్దాం" అన్నాడు ఫ్రెడ్డీ.

ఆమె లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టుకొని స్కూటరెక్కింది. పోతూ పోతూ డబ్బా మీద చెయ్యి వేసి, చేపల పులుసుంది, చల్లారక ముందే తినమని చెప్పి మరీ పోయింది.

తర్వాత హెబ్రోను ఏ పనీ సక్రమంగా చేయలేదు. చెక్‌ట్రే పైకి లాగాడు. మేత తిన్నాయా లేదా అని చూడడానికి గుంటలో దించే వల పళ్లెం అది. అందులో రొయ్యలు చిటపట ఎగురుతుంటే చూస్తూ నిలబడ్డాడే గానీ మిగిలిన మేత చూడలేదు. మళ్లీ దించాడు. మళ్లీ లాగాడు. పక్క గుంట కాపలా పెంచలకృష్ణ అవతలి గట్టు నుంచి అది చూసి, "ఏం హెబ్రోనన్నా, రొయ్యలకి గానీ బాప్తిస్మం ఇస్తుండావా, ముంచేది లేపేది?" అని నవ్వాడు. హెబ్రోను నవ్వలేదు.

ఆయన బటన్ల ఫోనులో రెండో అంకె నొక్కిపట్టుకుంటే వినీలకు పోతుంది. ఆమే నేర్పింది. నొక్కాడు, మోగక ముందే వదిలేశాడు. మళ్లీ నొక్కాడు, వదిలేశాడు. చంద్రమౌళి భయం కాదు, తిడితే పడతాడు. ఆ చెంపదెబ్బ తిన్ననాటి నుంచి తిట్లకు ఆయన చర్మం మొద్దుబారింది. భయమంతా ఇంకోచోట ఉంది. చెయ్యి అలవాటుకొద్దీ పీకిందా? లేక ఆయన అవతలికి తోసేశానని అనుకున్న ఆ ఒక్క మాటను విని పీకిందా? వెలుగుతున్న తెరను కళ్లు చూశాయి కదా. కళ్లు ఎందుకు చేతిని ఆపలేదు?

ఆకలి వేళకు డబ్బా మూత తీశాడు. పైన అన్నం, అన్నం మీద పులుసులో తల ముక్క. తనకు తల ముక్క ఇష్టమని ఆ పిల్ల ఎప్పుడూ అదే వేసుకొస్తుంది. మూత పెట్టేశాడు. జెనరేటరు చూడమని పెంచలకృష్ణకు అప్పగించి, సైకిలు తీశాడు. పనిలో చేరాక, ఆదివారం గుడికి తప్ప, పట్టపగలు గుంటను వదలడం ఆయనకు అదే మొదలు.

ఎదురుగాలి. అల్లూరు చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అంగట్లో లాప్‌టాప్ పొట్ట తెరిచి, బోర్డు బయటికి తీసి, ఫ్రెడ్డీ దాన్ని సన్న దీపం కింద తిప్పి తిప్పి చూస్తున్నాడు. వినీల స్టూలు అంచున కూర్చొని ఉంది. పొద్దున ఉన్న ముఖం కాదు. ఊళ్లో కెమెరా ఉన్న కంప్యూటరు కోసం నలుగురిని అడిగిందట, దొరకలేదట. గోడ గడియారంలో మూడు కావస్తోంది.

హెబ్రోను గడప లోపలికి రాలేదు. చెప్పులు విడిచి, ఆ మెట్టు మీదే నిలబడ్డాడు.

"వైరు నేనే పీకినా తల్లీ. కరెంటు పోతానే పీకినా. మళ్లా పెట్టినా."

ఫ్రెడ్డీ చేతిలోని బోర్డు కింద పెట్టేశాడు. అయితే బోర్డు మంచిదే అన్నాడు. పాత బుద్ధి తుడిచి కొత్త బుద్ధి రాసుకుంటుంటే మధ్యలో ఆగిపోయిందని, అది పాతదీ కాక కొత్తదీ కాక అయోమయంలో పడిందని, పెన్‌డ్రైవులో మళ్లీ ఎక్కిస్తే లేస్తుందని చెప్పాడు. పొద్దున్నే తెలిసుంటే గంట పని అని కూడా అన్నాడు పాపం, ఊరికే అన్నాడు, ఎవరినీ పొడవాలని కాదు.

గబగబా బోర్డు బిగించాడు. పెన్‌డ్రైవు గుచ్చి, రెండు చేతులతో రెండు మీటలు అదిమిపట్టుకొని, "తాతా, ఇప్పుడు ప్లగ్గు పెట్టు" అన్నాడు. హెబ్రోను లోపలికి వచ్చి పెట్టాడు. ఫ్యాను హోరెత్తింది. తెర నలుపు. అది చూస్తూ ముగ్గురూ అలాగే ఉన్నారు, గడియారం మాత్రం నడుస్తోంది. ఎంతసేపటికో తెర వెలిగింది. దాని మూలన ఉన్న అంకెల్లో టైము నాలుగు దాటింది. పరీక్ష తలుపు మూసేశారు.

వినీల కోప్పడలేదు. కోప్పడితే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

"పీకినందుకు కాదు తాతా. పొద్దున నిన్ను అడిగినాను గదా" అంది.

"నువ్వు పోతావని లోపల ఒక మాట అనుకున్నా తల్లీ" అన్నాడు హెబ్రోను. "అంతకు ముందే అనుకున్నా. చెయ్యి దాన్ని ఇనిందేమో, నాకు తెలీడంల్యా."

ఆమె లాప్‌టాప్ చున్నీలో చుట్టుకుంది.

మర్నాడు మళ్లీ రెండు డబ్బాలూ వచ్చాయి. పులుసులో తల ముక్కా ఉంది. పలకరింపూ ఉంది. కానీ ఫోనులో మాట్లాడుతుంటే "హెబ్రోను తాత ఉండాడులే" అనేది. ముందున్న ఆ రెండు ముక్కల్లో ఒకటి పోయింది. దాని కోసం ఆయన ఎంతగా చెవి ఒగ్గేవాడో ఆమెకు తెలియదు, ఆయన అడగనూ లేదు. అడిగి తెచ్చుకునేది కాదు కదమ్మా అది.

ఆ మర్నాటి సాయంత్రమే ఎర్ర తువ్వాలు అంచు చింపి, వినీల షెడ్డు బోర్డుకే వదిలేసి పోయే లాప్‌టాప్ ప్లగ్గు మెడకు ఒక పీలిక కట్టాడు, రెండు ముళ్లు వేసి. కళ్లు మూసుకొని, బోర్డు మీద చెయ్యి పారించి, ప్లగ్గులన్నీ తడిమాడు. పీలిక తగిలిన చోట చెయ్యి ఆగింది. మళ్లీ మూసుకున్నాడు, మళ్లీ ఆగింది. ముసలి ఎద్దుకు కొత్త దారి నేర్పినట్టు, ఆ చేతికి అలా రోజూ నేర్పుకున్నాడు. వేసవిలో ఎన్నిసార్లు కరెంటు పోయిందో, ఆ ప్లగ్గు ఒక్కసారీ కదల్లేదు.

వానలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, మేత వేసే మనిషి లేవలేదు. పెంచలకృష్ణ వచ్చి చూశాడు. మంచం మీద పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టే ఉన్నాడట. పాలెం వాళ్లు వచ్చి, పాట పాడి, రెబెక్కమ్మ పక్కన పెట్టి వెళ్లారు. వినీల చివరిదాకా నిలబడింది.

హెబ్రోను గుంటలు కూడా పెంచలకృష్ణకే అప్పగించారు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, వినీల గట్టు మీద సీసాలో నీళ్లు పడుతుంటే కరెంటు పోయింది. పెంచలకృష్ణ షెడ్డులోకి పరుగెత్తి, వరసగా పీకుతూ ఆఖరి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు. బల్లమీద లాప్‌టాప్ వెలుగుతోంది. తడ వాళ్లు మళ్లీ పిలిచారో లేదో, ఆ తెరలో ఏముందో ఆయనకు తెలియదు. గుమ్మంలో చప్పుడైంది.

"అది పీకబాక పెదనాయనా. మా తాత కట్టినాడు" అంది వినీల.

పెంచలకృష్ణ చెయ్యి తీసేశాడు.

ఇంతేనమ్మా. మరిచిపోకండి, మీ పిల్లలకూ చెప్పండి, హెబ్రోను అని ఒక మనిషి ఉండేవాడని. ఆ వైపు పోతే రేకుల షెడ్డులోకి ఒకసారి తొంగి చూడండి. బోర్డుకు ఆఖరున, రంగు వెలిసి గులాబీగా మారిన ఎర్ర పీలిక, రెండు ముళ్లతో, ఇంకా అలాగే ఉంటుంది.