ఎవరూ పిలవని గంట

ఆ రోజు ఉల్లిపాయలు తరగడంలో ఫెబీ చేతికి పూనకం వచ్చింది. జైలు వంటశాలలో తన వంతు ఎప్పుడు తీరుతుందా, కంప్యూటర్ గదిలోకి ఎప్పుడు పరిగెడదామా అని ఒకటే ఆరాటం. సోమవారం డిగ్రీ మొదటి ఏడాది పరీక్ష. దానికి ముందు ఆఖరి ఆన్‌లైన్ క్లాసు ఇవాళే.

పొద్దున నమూనా పరీక్షలో నవ్వులపాలైంది. ప్రార్థన చేసుకుని, అర్ధవీడులో పుట్టింటి చర్చిలో అలవాటైనట్టే నెత్తి మీద కొంగు తీయకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. కెమెరా ఆమెను గుర్తుపట్టనంది.

"అక్కా, ముసుగు తియ్యి! దానికి నీ మొహం కావాలంట!" అని పక్కనున్న ఖైదీ వెన్నెల పడీ పడీ నవ్వింది.

కొంగు తీయగానే తెర మీద ఫెబీ పేరూ ఫొటో వచ్చాయి. తన మొహం చూడాలని ఎవరైనా అంతగా పట్టుబట్టడం ఆమెకు కొత్త. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఎందుకు చదువుతున్నావని జైల్లో అందరూ అడుగుతారు. శిక్ష తగ్గుతుందేమోనని కొందరు, బయట ఉద్యోగం దొరుకుతుందని వెన్నెల. ఫెబీ కూడా ఉద్యోగమనే చెప్పేది. అసలు కారణం చెప్పుకోవడానికి సిగ్గు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పొద్దంతా కూలి, ఇంటికొస్తే పొయ్యి, గేదె, అత్త కాళ్ళు. ఫెబీ, నీళ్ళు. ఫెబీ, నా చొక్కా ఏదే. పుస్తకం పట్టుకుంటే చాలు, "పలకలు చేసేదానికి చదువెందుకే?" అని భర్త పాల్ రాజు నవ్వేవాడు. ఒకనాడు మరిది తాగొచ్చి మీద పడితే రోకలితో కొట్టింది. దెబ్బ తగలరాని చోట తగిలి వాడు పోయాడు, ఆమె ఇక్కడికొచ్చింది. జైలు కంప్యూటర్ గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే గంటసేపు ఆమెను ఎవరూ పిలవరు. అర్థం కాకపోతే పాఠం చెప్పే మేడంను తానే ఆపి అడుగుతుంది! పెళ్ళయ్యాక ఆమెకు దక్కిన మొదటి గంట అది.

ఉల్లిపాయలు అయ్యాయో లేదో ములాఖత్‌కు పిలుపొచ్చింది. ఇనుప జాలీ అవతల పాల్ రాజు మొహం వెలిగిపోతోంది.

"నీకు పెరోల్ శాంక్షన్ అయింది ఫెబీ! రేపే వచ్చేయొచ్చు."

ఫెబీకి బయటి లోకం కళ్ళ ముందు మెదిలింది. కొండగాలి, వీధి, తన ఇష్టం వచ్చినంత ఆకాశం.

"ఉన్నట్టుండి ఎట్ల ఇచ్చినారు?"

"నేనే అర్జీ పెట్టినా. అమ్మ జారి పడింది, తుంటి ఎముక ఇరిగింది. ఇంట్లో నేను, నాయన. వండేదానికి దిక్కు లేదు. నెల దినాలు నువ్వొచ్చి చేసిపెడితే..."

ఆకాశం అక్కడే ఆగిపోయింది.

"సోమవారం నాకు పరీక్ష."

"పరీక్ష మళ్ళ రాసుకోవచ్చులే. ఆకలి ఆగుతాదా?"

"మాకు ఇక్కడ వంటకు వంతులుండాయి. నువ్వు, మామ వంతులేసుకోండి."

పాల్ రాజు బిత్తరపోయాడు. "ఏంది, మొగోళ్ళమా? అంటే ఇంటికన్నా నీకు జైలే బాగుందా?"

"జైలు బాగుందని ఏ పిచ్చిది అంటాది? తాళం పడితే ఇప్పటికీ ఏడుపొస్తాది. కానీ ఇక్కడ నాకంటూ ఒక గంట ఉంది. ఆ గంట ఇంట్లో కూడా ఇస్తానను, పరీక్ష అయిన మర్నాడే వస్తా."

అతను చాలాసేపు ఆలోచించాడు.

"మరి అన్నం ఎవరు వండుతారు?" అన్నాడు.

ఫెబీకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. ములాఖత్ టైము ఇంకా మిగిలే ఉంది. ఎప్పుడూ అతను వెళ్ళిపోయినా జాలీ పట్టుకుని నిలబడే మనిషి, ఈసారి తానే ముందు వెనుదిరిగింది.

"పెరోల్ వద్దని రాసిస్తా మేడం," అంది గుమ్మం దగ్గర వార్డర్‌తో, అప్పటికే సగం పరుగులో. "క్లాసు అయినాక!"