దొరసాని వదిలి వెళ్ళిన కారు

ఆదివారం ఉదయం బొబ్బిలి బజారు మొదట్లోనే కారు ఆపించి సీతమ్మ దిగిపోయింది. చర్చి ఇంకా చాలా దూరం. బైబిలు చంకన పెట్టుకుని, చెంగు నెత్తిమీదికి లాక్కుని ఎండలో నడక సాగించింది. ఆమె కొడుకు డాక్టరు కృపారావు స్టీరింగు పట్టుకుని తల్లి వీపుకేసి చూస్తూ ఉండిపోయాడు. పక్కన కూర్చున్న కోడలు లీలారాణి, "పదండి, వేళవుతోంది" అంది. కొన్నాళ్ళుగా ఇదే వరస.

చూసేవారికి ఇది ముసలిదాని చాదస్తంగా కనిపించవచ్చు. కాని ఇటువంటి చిన్న సిగ్గులు ఒక కుటుంబాన్ని ఎంత దూరం ఈడ్చుకుపోతాయో మనలో ఎందరం ఆలోచిస్తాం?

మిషను ఆసుపత్రి దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ ఆ కారును కృపారావుకు చవకగా ఇచ్చింది. ఇంజను గట్టిదే. రంగు మాత్రం పెచ్చులూడింది. ఒక తలుపు తాడుతో కడితేగాని నిలవదు. కదిలితే బజారంతా మోత. ఒకనాడు చర్చి గుమ్మంలో పొరుగింటి బుల్లమ్మ, "ఏటి సీతమ్మొదినా, మీ డాట్రు బాబు కారొస్తంటే మరి గంట కొట్టక్కర్నేదు!" అంది. అందరూ నవ్వారు. సీతమ్మా నవ్వింది. ఇంటికి వచ్చాక మాత్రం ఆమెకు అన్నం సయించలేదు.

"ఒరే కృపా, కొత్తగా వొచ్చిన డాట్రు సూడు, తెల్లగా మెరిసిపోతన్న కార్లో తిరుగుతన్నాడు. నీకేటిరా ఈ డొక్కు? నలుగురూ నవ్వుతన్నారు."

"నవ్వనీ అమ్మా. కొత్త కారు కొంటే దాని ఖర్చంతా రోగుల దగ్గరే గుంజాలి. దీనివల్ల మిగిలిన డబ్బుతోనే కదా మన ఆసుపత్రిలో మంచాలు వేశాను, సూదిమందులు పాడవకుండా ఫ్రిజ్ కొన్నాను."

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. రోజూ కంచం ముందు అదే గొడవ. ఆదివారం ఆ ఎండ నడక.

ఒక మధ్యాహ్నం కోడలు కళ్ళు తుడుచుకుంటూ ట్రంకు పెట్టెలో చొక్కాలు సర్దుతోంది.

"ఏటే అమ్మీ, ఈ సర్దుడు?"

"మీ అబ్బాయి ఇనుప గనులకి వెళ్తున్నారండీ. కొత్తవలస నుంచి కొండల్లోకి కొత్త రైలు లైను వేశారు కదా, దాని చివరికి. అక్కడి ఆసుపత్రిలో రెండేళ్ళు. జీతం బాగా ఇస్తారట. మనకీ పిల్లలకీ మాత్రం అక్కడ ఇల్లు దొరకదట."

వెనకనే వచ్చిన కృపారావు తలవంచుకుని, "నువ్వు ఎండలో నడుస్తుంటే చూడలేకపోతున్నానమ్మా. ఇక్కడ ఫీజు పెంచడానికి నాకు మనసొప్పదు. రెండేళ్ళు ఓర్చుకుంటే కొత్త కారు కొంటాను" అన్నాడు.

సీతమ్మకు భర్త గుర్తొచ్చాడు. పూరింట్లో ఉన్నారని బంధువులు వెక్కిరిస్తే, పెంకుటిల్లు కడతానని ఆమె భర్త రంగూను ఓడెక్కాడు. అప్పటికి కృపారావు చంటివాడు. యుద్ధం వచ్చింది, వెళ్ళినవాళ్ళలో కొందరు కాలినడకన తిరిగి వచ్చారు, ఆయన రాలేదు. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళు ఎవరు గడప దాటినా, వీధి మలుపు తిరిగేదాకా చూసిగాని ఆమె లోపలికి రాదు.

ఏదో అనబోయేంతలో వీధిలోంచి కేక వినబడింది. "డాట్రు బాబూ! మా పిల్ల నొప్పులు పడతన్నాది బాబూ! బిడ్డ అడ్డం తిరిగిపోనాదని మంత్రసాని సేతులెత్తీసింది!" గెడ్డ అవతలి ఊరి అసిరమ్మ రొప్పుతూ నిలబడి ఉంది.

కృపారావు సంచీ అందుకున్నాడు. కొడుకును కళ్ళముందు నుంచి పోనివ్వలేక సీతమ్మ కూడా అసిరమ్మతోపాటు కారెక్కింది.

వానలకు గెడ్డలో వాగునీరు ఎర్రగా పారుతోంది. కృపారావు ఆగకుండా కారును నీళ్ళలోకి దింపాడు. నడిమధ్యకు వచ్చేసరికి ఇంజను ఆగిపోయింది. అవతలి ఒడ్డునుంచి మనుషులు ఎడ్లను తోలుకొచ్చి, తాడు కట్టి లాగారు.

"కారు పాడైపోదేటే?" అంది సీతమ్మ, కాళ్ళు పైకెత్తి కూర్చుని.

"ముందల కొత్త కారు డాట్రు కాడికే ఎల్లినామమ్మా" అంది అసిరమ్మ. "మంచోడే. గాని గెడ్డ సూసి, 'కారు సెడిపోతాది, పిల్లని ఒడ్డుకి తెండి' అన్నాడు. ఆ పిల్లని కదిపితే బతుకుతాదా? మీ బాబు కారుకి బయమేటి? ఇంకో సొట్ట పడితే ఉన్న సొట్టలకి తోడవుతాది!"

తాడు లాగుతున్నవాళ్ళు పకపకా నవ్వారు. సీతమ్మ నవ్వలేదు. ఎడ్లకేసి, ఆ మనుషులకేసి, నీళ్ళలోకి దిగి కారు నెడుతున్న కొడుకుకేసి చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలే వేళకు బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లి కూడా దక్కింది. అసిరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, కొడుకు చెయ్యి పట్టుకుని సీతమ్మ అరుగు మీద కూర్చుంది.

"గనులకి ఎల్లకురా."

"మరి నీ ఎండ నడకమ్మా?"

"నా నడక పాడుగాను! మీ నాయిన పెంకుల కోసం ఎల్లినాడు. పెంకులూ రానేదు, మనిషీ రానేదు. ఆయన్ని బందువులు తోలీసినారనుకుని ఇన్నాళ్ళు ఆళ్ళని తిట్టుకున్నాను. ఇప్పుడు నిన్ను తోలతన్నది నానే గదరా! నువ్వు కొండల్లో కూకుంటే ఈలకి గెడ్డ దాటొచ్చేదెవుడు? నీ పిల్లలు ఎవుర్ని నాన్నా అంతారు?"

కృపారావు తడిసిన పంట్లాము అంచులు పిండుకున్నాడు. తరువాత, "రానని రేపే గనులవాళ్ళకి చెప్పేస్తానమ్మా" అన్నాడు.

పాత కారు చవగ్గా కొని పొదుపు చేసిన డబ్బు ఆ ఊళ్ళో మంచాలైంది, మందులైంది, ఒక తల్లీబిడ్డల ప్రాణమైంది. ఇరుగుపొరుగు నవ్వుతారన్న భయం మాత్రం ఒక ఇంటి తండ్రిని ఇదివరకే మింగి, రెండో తండ్రికోసం నోరు తెరిచింది. ఇంటిముందు ఏ కారు నిలబడితే గొప్ప అని లెక్కవేసుకునే ముందు, దానికోసం ఇంట్లోంచి ఎవరు వెళ్ళిపోవాలో మనం అడిగి తెలుసుకోవాలి.