సైదాబీ బిగించిన తలుపు

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన గాలివానకు మైపాడులో ఎన్నో ఇళ్ల కప్పులు లేచిపోయాయి. సైదాబీ ఇంటి పెరటి తలుపు ఊడి ముక్కలైంది. ఆమె మొగుడు హనీఫా వడ్రంగి. వడ్రంగి ఇంటికే తలుపు లేదంటే మామూలు రోజుల్లో ఊరు నవ్వి ఉండేది. ఇప్పుడెవరూ నవ్వలేదు. ఎండాకాలంలోనే హనీఫాకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. ఊళ్లో సగం తలుపులు తన చేత్తో చేసిన మనిషి, నులకమంచం మీద పడుకుని, తలుపు లేని గుమ్మంలోంచి కనబడే ఆకాశం కేసి చూస్తుండేవాడు.

గాలి తగ్గాక మాల్యాద్రి వచ్చాడు. హనీఫా దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నవాడు.

"అన్న పనిముట్లు ఇటియ్యి వదినా. పొద్దుగూకే లోపల చేసి బిగిచ్చేస్తా" అన్నాడు.

సైదాబీ మంచం వైపు చూసింది. హనీఫా గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

"తొందరేం లేదులే మాల్యాద్రీ, చూద్దాం" అని అతన్ని పంపించేసింది. తన రంపం ఇంకొకడి చేతిలో ఆడుతుంటే ఆ చప్పుడు వింటూ ఈయన పడుకోవాలా? అది ఆమె వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున మంచం కిందున్న పనిముట్ల పెట్టె తనే బయటికి లాగింది.

"ఏందిమే?" అన్నాడు హనీఫా.

"తలుపు చేస్తా."

"నీకు... రాదు."

"రాదని నాకూ తెలుసు."

విరిగిన తలుపులో బాగున్న పలకలు ఏరి, మేకులు పీకడానికి చేతికందిన ఉలి తీసుకుంది. ఒక్క పెట్టు పెట్టగానే ఉలి పదును చిట్లింది. మంచం మీంచి దెబ్బ తిన్నట్టు ఒక మూలుగు వినిపించింది. శుక్రవారం శుక్రవారం నమాజుకు పోయేముందు హనీఫా సానరాయి మీద నూరుకునే ఉలి అది. సైదాబీ తల ఎత్తకుండా రంపం అందుకుంది. అది పలక మధ్యలో ఇరుక్కుపోయింది. బలం పెట్టి తోస్తే పలక నిలువునా చీలింది. ఇంకో పలకకు మేకు కొట్టబోతే సుత్తి జారి ఎడమచేతి బొటనవేలి మీద పడింది. వేలు నోట్లో పెట్టుకుని రంపపు పొట్టులోనే కూలబడింది.

అప్పుడే ఇత్తడి గ్లాసు ఎగిరొచ్చి గోడకు తగిలింది. నీళ్లు పలకల మీద చిందాయి.

"పెట్టెయ్!" అని అరిచాడు హనీఫా. జబ్బు పడ్డాక అతని నోట అంత స్పష్టంగా వచ్చిన మాట అదొక్కటే.

సైదాబీ లేచి మంచం దగ్గరికి వచ్చింది. "నీ చేతులుంటే నేనెందుకు పట్టుకుంటా ఇయ్యన్నీ? నీ చేతులు పన్జెయ్యడంల్యా. నా చేతులుండాయి. వీటితో ఏం చెయ్యాల్నో చెప్పు. చెప్పలేకపోతే కళ్లన్నా మూసుకో" అంది. అనేశాక తన మాటకు తనకే ఏడుపొచ్చింది.

సాయంత్రం గంజి తాగిస్తుంటే గిన్నె పట్టుకున్న వేలు అతని కంటబడింది. గోరు నల్లబడి ఉంది. ఎడమచేత్తో ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఉప్పునీళ్లు... పెట్టు" అన్నాడు.

తెల్లారాక తనను లేపమని సైగ చేశాడు. పక్కింటి పెంచలమ్మ ఒక చెయ్యి వేస్తే, ఇద్దరూ కలిసి అతన్ని గుమ్మానికి ఆనించి కూర్చోబెట్టారు. పలక కదలకుండా హనీఫా ఎడమకాలు దాని మీద పెట్టాడు.

"బలం ఒద్దు. రంపాన్నే... పోనీ" అన్నాడు. సైదాబీ చెయ్యి తేలిక చేసింది. రంపం దానంతటదే దిగింది.

తర్వాత పలక మీద గీత గియ్యడానికి బొగ్గుముక్క అడిగాడు. అలవాటు లేని ఎడమచెయ్యి వణికింది. గీత ఒకచోట పైకీ ఒకచోట కిందికీ పోయింది. హనీఫా దాన్ని చూసుకుని అరచేత్తో తుడిచెయ్యబోయాడు. సైదాబీ అప్పటికే దాని మీద రంపం ఆనించింది.

"వంకర... అదిమే."

"ఉండనీ. నువ్వు గీసిందేగా."

ఆ గీత ఎటు పోతే అటే కోసింది.

తలుపు తయారయ్యేసరికి అమావాస్య వచ్చింది. పెంచలమ్మ ఎత్తి పట్టుకుంటే సైదాబీ మడతబందులు బిగించి, లోపలికి తెరవబోయింది. రాలేదు. బందులు బయటివైపు పడ్డాయి. పెరట్లోకి తోస్తే తప్ప తెరుచుకోదు. పైన పిల్లి దూరేంత సందు కూడా మిగిలింది.

మొగుడి మొహం చూడడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. ఇంతలో వెనకనుంచి ఏదో వింత చప్పుడు. మళ్లీ జబ్బు తిరగబెట్టిందేమోనని చటుక్కున తిరిగింది. హనీఫా నవ్వుతున్నాడు. సగం నోరే కదులుతోంది గానీ రెండు కళ్లూ కారుతున్నాయి. సైదాబీ అతని పక్కన చతికిలబడి నవ్వబోయి ఏడ్చేసింది.

"విప్పి మళ్లీ బిగిద్దామా?" అని అడిగింది కాసేపటికి.

"ఒద్దులే. చేతులు... నొప్పి నీకు."

ఆ చలికాలంలో అతను మంచం నుంచి పెరటిదాకా పట్టుకుని నడవడానికి సైదాబీ గోడ వెంట సరుగుడు కర్ర బిగించింది. మొదటిసారి హనీఫా దాని మీద బరువు వెయ్యగానే మేకు ఊడి కిందపడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది. సైదాబీ తల బాదుకుంటుంటే, అతను పడినచోటే ఉండి గోడలో బొక్క తడిమి చూశాడు.

"చిన్న మేకు" అన్నాడు. "పెద్దది... కొట్టు."

పెద్ద మేకులు కొట్టింది. ఈసారి కర్ర ఆగింది.

కుడిచెయ్యి మళ్లీ రాలేదు. వస్తుందని ఇద్దరూ అనుకోనూ లేదు. ఒకనాటి పొద్దున సైదాబీ పెరట్లో చేపలు తోముతుండగా ఇంట్లోంచి కాలు ఈడ్చుకుంటున్న చప్పుడు వచ్చింది. పరుగెత్తి పట్టుకోవాలనిపించింది. వెళ్లలేదు. తల వంచుకుని తోముతూనే, చెవులు మాత్రం ఆ చప్పుడుకే అప్పగించింది. అది కాసేపు ఆగింది. మళ్లీ కదిలింది. భుజంతో తోసినట్టు, పెరట్లోకి తెరుచుకునే ఆ తలుపు కిర్రుమంది. చివరికి పెరటి అరుగు మీద బరువుగా కూర్చున్నట్టు వినబడింది.

"ఎండ బాగుండాదిమే" అన్నాడు హనీఫా.

"ఊఁ" అంది సైదాబీ, ఇంకో చేప చేతిలోకి తీసుకుంటూ.