మూడో చరణం

మా ఆయన పాట వినడానికి వచ్చినవాళ్ల కోసం ఆ రోజు రెండోసారి జొన్న గటక వండుతున్నాను. పొద్దున పదిమంది తిని చేతులు కడుక్కున్నారో లేదో, మోత్కూరు నుంచి ఇంకో ఎనిమిది మంది దిగారు. జొన్నలు విసిరీ విసిరీ నా కుడి భుజం మాట వినడం మానేసింది. బయట పందిరి కింద మా ఆయన జానయ్య, ఆయన జోడీ కాటమయ్య గొంగడి మీద కూర్చున్నారు. చుట్టూ అభిమానులు. "ఏమే, పచ్చిపులుసు ఇంకింత తే" అని మా ఆయన కేకేశాడు. ముంత పట్టుకుని వెళ్తే నా చేతిలోంచి అందుకున్నారే గాని ఒక్కరూ నా ముఖం వైపు చూడలేదు. నేను లోపలికి వచ్చేశాను.

పోరాటం విరమించాక ఇద్దరినీ జైలు నుంచి వదిలి పది రోజులైంది. ఈ పది రోజులూ మా ఇల్లు సత్రమే. చిట్యాల నుంచి, ఇంకా అవతలి ఊళ్ల నుంచి కూడా నడిచి వస్తున్నారు. ఆ రోజు వచ్చినవాళ్లలో ఒక ముసలాయన మా ఆయన చేతులు రెండూ కళ్లకద్దుకుని, "మీ పాట ఇనే నా కొడుకు దళంల గలిసిండు బిడ్డా. వాడు రాలేదు గని పాటన్న మిగిలింది" అని ఏడ్చాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన కన్నీళ్లు నిజం. కాని ఆయన్ని ఓదారుస్తూ కాటమయ్య చెప్పే కథ ఒకటి ఉంది, అది వింటే నా ఒళ్లు మండిపోతుంది. "గుట్ట మీద ఒక్క గొంగట్ల ఇద్దరం పండెటోళ్లం తాతా. ఆకలికి నిద్ర రాకుంటె నేనొక చరణం కడితె, జానన్న ఒక చరణం కట్టిండు. గట్ల పుట్టిందే గీ పాట." జనం ఆహా అంటారు. రామలక్ష్మణులే అంటారు. మా ఆయన సిగ్గుపడ్డట్టు తల వంచుకుంటాడు గాని కాదని మాత్రం అనడు.

ఆ పాట ఇది.

నడుము వంచితి నేను నాలుగు మళ్లకు
నిలవడనిత్తవ దొరా, ఒక్క గడియ

సంటిదాన్ని గట్టు మీద పండవెట్టి వస్తి
పాలియ్యనిత్తవ దొరా, ఒక్క గడియ

ఇన్ని ఊళ్ల జనం విన్నారు, ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. ఒక్కరికైనా అనుమానం రాదా? మా దిక్కు మగవాళ్లు నాటు వేస్తారా? దున్నుతారు, గట్లు పెడతారు, నారు కట్టలు మడిలోకి విసిరేసి గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తారు. బురదలో నడుం వంచేది మేము. సరే, నడుం సంగతి వదిలేయండి. కాటమయ్య ఏ సంటిదానికి పాలిచ్చాడట?

ఆ పాట కట్టింది కాటమయ్య భార్య సైదమ్మ. జోడీ అంటే మాది జోడీ, నాదీ సైదమ్మదీ. ఇద్దరం ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్లుగా వచ్చాం. దొర మళ్లలో వెట్టికి పోయినా, మా మెట్ట చెలకల్లో పనికి పోయినా పక్కపక్కనే. ఆమె ఎత్తితే నేను అందుకునేదాన్ని, నేను తడబడితే ఆమె సర్దేది. మా పాటకు అభిమానులు లేరనుకోకండి. పక్క మళ్లలో ఆడవాళ్లు తమ పాట ఆపేసి, "సైదమ్మా, ఇంకొకటి ఎత్తవే, నడుము నొప్పి మర్శిపోతం" అని కేకలేసేవాళ్లు. మేం ఏం పాడుతున్నామో వాళ్లకు తెలుసు, ఎవరు కట్టారో కూడా తెలుసు. ఇంటికొచ్చి కాస్త కూనిరాగం తీస్తే మాత్రం మా ఆయన, "ఏందే ఆ లొల్లి, బుక్క తిననీయవా" అనేవాడు. మా అత్తయితే, "సంసారం జేసే ఆడిదేనా ఇది" అని ఇరుగుపొరుగుకు వినబడేలా అనేది. లొల్లి అన్న నోరే ఇప్పుడు పందిరి కింద ఆ పాట పాడుతోంది.

పోలీసు చర్యతో రజాకార్ల పీడ వదిలిందనుకుంటే, మరుసటి ఏడు దళాల వాళ్లను పట్టడానికి మిలిట్రీ వాళ్లు ఊరి బయట క్యాంపు పెట్టారు. జానయ్య, కాటమయ్య గుట్టలో దాక్కున్నారు. గుట్ట కింద జొన్న చేనులో సైదమ్మా నేనూ కలుపు తీస్తున్నాం. చేనులో మేమిద్దరమే. క్యాంపు వాళ్లు కనబడితే పాడే పాట ఆపి ఇంకో పాట ఎత్తాలనీ, మగవాళ్లు వాగు దాటేదాకా దాన్ని ఆపకూడదనీ ఒప్పందం. ఆ రోజు సిపాయిలను ముందు చూసింది నేను. ఎత్తడానికి ఎన్ని కలుపు పాటలు లేవు! భయంలో నా నోట్లోంచి వచ్చింది సైదమ్మ నాటు పాట. పది రోజుల కిందటే నాటులో కట్టింది, అదే నాలుక మీద ఉంది. నాటు వేసేవాళ్లు వంగి వెనక్కి నడుస్తారు, కలుపు తీసేవాళ్లు కూర్చుని ముందుకు జరుగుతారు. ఆ పాట నడక వేరు, ఈ పాట నడక వేరు. బురద లేని చేనులో నాటు పాట ఎవరూ ఎత్తరు. ఎక్కడి నుంచో వచ్చిన సిపాయిలకు అది తెలియదు. వాళ్లతో వచ్చిన దుబాసీ మాత్రం మన దిక్కు కాపు బిడ్డే. ఆగి చెవి పెట్టాడు.

"జొన్న చేన్ల నాటు పాట ఏందే? గుట్టల ఎవరికి ఇనవెడుతున్రు? ఎవరెత్తిండ్రు దీన్ని?"

సైదమ్మ లేచి నిలబడింది. "నేనే ఎత్తిన" అంది.

తుపాకి మడమతో కొట్టారు. పాట ఆపమంటే సైదమ్మ ఆపలేదు, మగవాళ్లకు వాగు ఇంకా దూరం. నేను వంతన్నా పాడానా అంటే అదీ లేదు. ఏది కలుపో ఏది జొన్నో తెలియకుండా పీకుతూ కూర్చున్నాను. ఆమెను క్యాంపుకు ఈడ్చుకుపోయి నాలుగో రోజు బండి మీద తెచ్చి ఇంటి ముందు పడేశారు. తొమ్మిదో రోజు పోయింది. ఆమె ఎనిమిది నెలల బిడ్డ ఈదమ్మ అప్పటి నుంచీ నా దగ్గరే పెరుగుతోంది. నేను చేసిన తప్పు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మోత్కూరు వాళ్లు తిని లేవగానే చిట్యాల నుంచి గురవయ్య పంతులు వచ్చాడు. ఈ జోడీ పాటలన్నీ పుస్తకం వేయిస్తాడట, మొదటి పేజీలో ఇద్దరి పేర్లూ ఉంటాయట. కాగితాలు ఒళ్లో పరుచుకుని, "ఇంత గొప్ప పాటకు రెండు చరణాలేనా? మిగతయి చెప్పుండ్రి, రాసుకుంట" అన్నాడు. కాసేపటికి మా ఆయన పొయ్యి దగ్గరికి వచ్చాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఈ మనిషి అన్నం కోసం తప్ప పొయ్యి దాకా వచ్చింది లేదు.

"ఏమే, ఆ పాట తర్వాత చరణాలేంది? జర చెప్పు, పంతులు రాసుకుంటడంట" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరు కట్టిన పాట నన్నడుగుతవేంది?"

"ఇప్పుడు గా లొల్లెందుకే? పేరస్తే ఇంటికే గద వచ్చేది. పోయినామె పోనేపాయె, ఆమె పేరు రాస్తె ఎవలు సదువుతరు?"

పంతులు కోసం మళ్లీ ఎక్కించిన గటకలో తెడ్డు తిప్పుతూ నిలబడిపోయాను. వీళ్లకు రెండు చరణాలే ఎందుకు వచ్చో అప్పుడు వెలిగింది. పాట మారగానే గుట్ట దిగి పరుగెత్తారు కదా. రెండు చరణాల దూరం దాకే వాళ్లకు వినబడింది. తర్వాతి నాలుగు చరణాలూ సైదమ్మ దెబ్బల మధ్య పాడింది, వినడానికి వీళ్లక్కడ లేరు. పరుగెత్తినందుకు కాదు నా కోపం. పరుగెత్తాలనే పాడాం. పరుగెత్తుతుంటే చెవిన పడ్డ ముక్కను తామే కట్టామని జైలుకు పోకముందూ, వచ్చాకా ఊరూరా చెప్పుకున్నందుకు. పైగా మూడో చరణంలో దొర లేడు, మొగుడున్నాడు.

పొద్దుగూకి ఇల్లు జేరి పొయ్యి ముట్టియ్యవోతి
పండనిత్తవ మొగడా, ఒక్క గడియ

కాటమయ్య దీన్ని గొంతెత్తి పాడుతుంటే, వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే చూడాలనిపించింది.

అప్పుడే ఈదమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి నా చీర పట్టుకుని ఎగిరింది. "పెద్దమ్మా, పెద్దమ్మా! మా బాపు కట్టిండంట పాట! తాత చెప్పిండు!"

ఈ పిల్ల పెద్దదవుతుంది. నాటుకు పోతుంది, తల్లి పాటే పాడుతుంది, బాపు పాట అని చెప్పుకుంటుంది. పిల్లకు ఇన్నేళ్లూ నేనేం చెప్పాను? మీ అమ్మ జ్వరమొచ్చి పోయిందని చెప్పాను. వీళ్లను తిడుతున్నాను గాని, నేను మాత్రం సైదమ్మకు మిగిల్చిందేమిటి? ఆమె పాట వీళ్లు తీసుకున్నారు. ఆమె ప్రాణం నేను తీసుకున్నాను, తీసుకుని గమ్మునున్నాను.

తెడ్డు పొయ్యి గట్టున పెట్టి, ఈదమ్మను చంకనేసుకుని పందిరి కిందికి వెళ్లాను.

"పంతులూ, ఇంక నాలుగు చరణాలున్నయి. నాకొస్తయి. ముందుగాల కాయితం మీద ఆ రెండు పేర్లు కొట్టేయి. కట్టింది సైదమ్మ అని రాయి. గీ పిల్ల తల్లి."

కాటమయ్య కంజీర కింద పెట్టాడు. "వదినే, నలుగుట్ల గియన్ని ఎందుకిప్పుడు..."

"లోపలికి నడువే" అన్నాడు మా ఆయన.

"నడువ. మీరిద్దరు కూసొని ఇనుండ్రి. మీరు ఉరికినంక ఏమైందో మీకు గూడ తెల్వదు."

జొన్న చేను సంగతి చెప్పాను. దుబాసీ అడిగిందీ, సైదమ్మ లేచి నిలబడిందీ, దెబ్బ దెబ్బకూ చరణం ఎత్తిందీ. ముసలాయన దగ్గరికి జరిగి వింటున్నాడు. నాటు వేసే ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. పంతులు రెండు పేర్ల మీదా గీత గీసి, పైన సైదమ్మ అని రాశాడు. రాసి తలెత్తి అడిగాడు.

"ఆనాడు జొన్న చేన్ల పాట ఎత్తింది గూడ ఆమేనా తల్లీ?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆయనకూ తెలియదు. ఊరంతటికీ తెలిసింది సైదమ్మ చెప్పిన మాటే. అవునంటే సరిపోతుంది, ఎవరూ కాదనరు. ఈదమ్మ నా మెడ చుట్టూ చేయి వేసి నా నోటి వంకే చూస్తోంది.

"కాదు పంతులూ. ఎత్తింది నేను. నేనే ఎత్తిన అని చెప్పి సచ్చింది సైదమ్మ. అది గూడ రాయి."