గడ్డం మీద మెతుకు

హజరత్తయ్య పెదవికి స్పర్శ తిరిగి వచ్చిందని విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు.

మేమిద్దరం బోగోలు దగ్గర ఒకే రైసుమిల్లులో ధాన్యం చూసేవాళ్లం. రెండు గింజలు కింది పెదవికి ఆనించి చెమ్మ కనిపెట్టి, ఆ తర్వాతే కొరుకుతాం. తేమ కొలిచే మిషన్ ఉన్నా రైతులు మా పెదవినే నమ్ముతారు. ఒకే వారంలో, ఒకే డాక్టరు దగ్గర, ఇద్దరం కింది దవడకు ఇంప్లాంట్ పన్ను పెట్టించుకున్నాం. ఇద్దరికీ పెదవి, గడ్డం మొద్దుబారాయి.

పన్ను పెట్టించుకున్న మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే హజరత్తయ్య గడ్డానికి మెతుకు అంటుకుంది. భార్య వెంకటశేషమ్మ చూసింది.

"గడ్డాన మెతుకుంటే తెలీలా నీకు? లెయ్, పోదాం పా" అని అప్పటికప్పుడే నెల్లూరు తీసుకుపోయింది. నరాన్ని నొక్కుతున్న స్క్రూను ఆ మరుసటి రోజే తీసేశారు. రెండు నెలలు తిరిగేసరికి మిల్లులో టీ గ్లాసు పెదవికి ఆనించి "అబ్బ, కాలతా ఉండాది" అనడం మొదలుపెట్టాడు. అతను పెదవి కాల్చుకున్నప్పుడల్లా నాకు కుళ్లుగా ఉండేది.

నా గడ్డం మీదా మెతుకులు ఉండే ఉంటాయి. నా భార్య ఉషారాణి పోయి మూడేళ్లు. మత్తు దిగుతుందిలే అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. చివరికి ఒకరోజు తడి ధాన్యాన్ని ఎండినదని దింపించాను. రెండో రోజుకే ఆ తడికి బస్తాలు వేడెక్కాయి. అప్పుడు కదిలాను.

నెల్లూరులో డాక్టర్ షాహీనా స్కాన్ చూసింది.

"వెంటనే వచ్చుంటే స్క్రూ తీస్తే సరిపోయేదేమో అంకుల్. ఇప్పుడు నలిగిన నరం ముక్క కోసేసి, చీలమండ దగ్గర్నుంచి సన్నటి నరం తీసి అతకాలి. స్పర్శ ఎంత వస్తుందో చెప్పలేను. వచ్చినా నెలలు పడుతుంది."

ఆపరేషన్ రోజు ఆ దంపతులే వెంట వచ్చారు.

"భయపడబాక నరేంద్రన్నా, నాకు రాలా?" అంటూ హజరత్తయ్య తన పెదవి గిల్లి చూపించాడు. ఆ పెదవి మీద ఒక్క గుద్దు గుద్దాలనిపించింది.

"నీకేంది, చూసే మనిషుంది" అన్నాను.

"చూసేదేంది, కంచం ముందర పోలీసు కాపలా!"

వెంకటశేషమ్మ నవ్వుతూ అతని చొక్కా కాలరు సరిచేసింది. అతని పెదవి కంటే ఆ కాలరే నన్ను ఎక్కువ కాల్చింది.

మత్తు ఇచ్చేటప్పుడు నర్సు ఎస్తేరమ్మ నా చేయి పట్టుకుంది. నేను అడగలేదు.

ఐదు నెలలు ఏమీ లేదు. నరం తీసిన పాదం పక్కన తిమ్మిరి మాత్రం మిగిలింది. ఆరో నెలలో గడ్డం గీసుకుంటుంటే చీమ పాకినట్టయింది. అద్దంలో చూశాను. చీమ లేదు.

ఇంకో రెండు నెలలకు హజరత్తయ్య వాళ్లింట్లో చేపల పులుసుకు పిలిచారు. తింటుండగా గడ్డం మీద ఏదో వెచ్చగా ఆనింది. మెతుకు. ఎడమ పక్కన, పెదవికి కాస్త కింద. చెయ్యి ఎత్తి, మళ్లీ దించేశాను. మరో ముద్ద కలుపుకున్నాను.

"అన్నా, గడ్డాన మెతుకుండాది" అంది వెంకటశేషమ్మ.

"నాకెప్పుడన్నా అంత మెల్లిగా చెప్పినావా?" అన్నాడు హజరత్తయ్య.

అప్పుడు తుడుచుకున్నాను.