దోర్నాల చెప్పుల వరుస

వైశాఖమధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమై నల్లమల పాదప్రదేశమంతయు కుంపటివలె రాజుచుండ శ్రీశైలమునకు బోవు ఘట్టమార్గమున దోర్నాల శివారునందు విద్యుద్యానముల ఛార్జింగు కేంద్రమొక్కటి నీడలేక నిలిచియుండెను. కేంద్రమన నేమి? ఒకే యంత్రము. కొండ నెక్కవలసిన విద్యుత్కారుల కన్నిటికి నదియే దిక్కు.

అచ్చట మఱి రెండు యంత్రములు నెలకొల్పవలెనా వలదా యని తేల్చుటకై పైయధికారి విశ్వంభరరావుగారు నగరమునుండి ప్రభుత్వపు విద్యుత్కారులో విచ్చేసిరి. ఆయన వలదన్నచో నవి యా సాయంకాలమే వేఱు జిల్లాకు తరలిపోవును. వానికై రెండేండ్లు కాళ్లరుగునట్లు కార్యాలయముల చుట్టు దిరిగిన స్థానిక ఇంజనీరు సువార్త యాయన కెదురేగెను.

యంత్రముకడ నొక్క కారే యుండుట చూచి యాయన పెదవి విఱిచిరి.

"ఒక్క బండికి ఇంకో రెండు మిషన్లెందుకమ్మా?"

"ఒక్కటి కాదు సార్. కింద చూడండి."

కారు వెనుక మిటమిటలాడు నెండలో నొక రబ్బరుచెప్పు, దాని వెనుక నొక తోలుచెప్పు, పిమ్మట రాయిపెట్టిన తువాలు, ఖాళీ నీళ్లసీసా, ఇట్లు పదునొకండు వస్తువులు బారుతీరి యుండెను. కొళాయికడ బిందెలు వరుసనుంచి తాము నీడ జేరుట యా ప్రాంతమువారికి పుట్టుకతో నబ్బిన విద్య. తమ కార్లను మూతబడిన బియ్యపుమిల్లు చాటున నిలిపి డ్రైవర్లు దానినే యిచ్చటను వర్తింపజేసిరి.

"చెప్పులకు ఛార్జింగు పెట్టాలని రిపోర్టు రాయమంటావా?" అని యాయన నవ్విరి.

సువార్తకు ఒళ్లు మండెను. వంగి తోలుచెప్పు నెత్తి వరుస చివర బెట్టెను. తత్క్షణమే యా మిల్లు నీడనుండి యొక యార్తనాదము వెలువడెను.

"ఎవురు నా చెప్పు కదిలించింది? తెల్లారినుంచి ఉండా నేను!"

టాక్సీ డ్రైవరు మస్తాన్‌వలి కాలుగాలిన పిల్లివలె గంతులిడుచు వచ్చెను. తమ వస్తువులకేమి మూడినదో యని తక్కిన పదుగురును వానిని వెంబడించిరి.

"తప్పయింది అన్నా" అని సువార్త చెప్పును యథాస్థానమున నుంచెను.

విశ్వంభరరావుగారు తమ కారువంక జూచిరి. అందు మిగిలిన ఛార్జి నూటికి తొమ్మిదిపాళ్లు. "మాది కొంచెం ముందు పెట్టనిస్తారా?" అని మెల్లగా నడిగిరి.

"లైను లైనే సార్" అని మస్తాన్‌వలి వినయముగనే పలికెను.

అధికారిగారు తళతళలాడు తమ కుడికాలి బూటు విప్పి పండ్రెండవదిగా నుంచిరి. ఒంటి మేజోడుతో నిప్పులమీద నడచినట్లు మిల్లునీడకు సాగుచు వెనుదిరిగి యిట్లనిరి.

"రెండు చాలవమ్మా. మూడు రాయి."

పరుల యక్కఱ మనకు దెలియుటకు నొక్కొక్కప్పుడు మన యరికాలును గాలవలెను.